ఎడమ సీటు

నేను ఒక కారును. ఇంతవరకు ధైర్యంగానే చెప్పగలను. ఇంతకు మించి అడిగితే తడబడతాను. నాలో ఎంతవరకు నేనో, ఎంతవరకు నా పక్కన పాతికేళ్లు నిలబడిన రెండో కారో నాకే సరిగ్గా తెలియదు. తెలియనివి తెలియనట్టే చెబుతాను, మీరే సర్దుకోవాలి.

నేను పుట్టింది మంచు కురిసే దేశంలో. అక్కడ స్పోర్ట్స్ కారంటే ఇద్దరే పట్టేది, నేలకు రాసుకుంటున్నట్టు పోయేది, పని మీద కాక సరదాకి నడిపేది. నా అసలు పేరు చెప్పను. చెప్పినా బెజవాడలో దాన్ని సరిగ్గా పలికినవాళ్లు ఒక్కరూ లేరు. ముక్కు సన్నగా, నడుము వెడల్పుగా ఉంటానని అందరూ చేపబండి అన్నారు. మా ఫ్యాక్టరీలో ఒకే బండిని రెండు రకాలుగా చేసేవారు. ఒక రకానికి మడిచేసుకునే గుడ్డ కప్పు, ఇంకో రకానికి గట్టి ఇనుప కప్పు. వాటిలో మళ్లీ కొన్నిటికి స్టీరింగు ఎడమ పక్క, కొన్నిటికి కుడి పక్క. నాకు గుడ్డ కప్పూ ఎడమ స్టీరింగూ రాసిపెట్టారు. నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

ఏదో కర్మాగారం కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు నన్ను ఓడలో వెంట తెచ్చుకున్నాడు. పని ముగిశాక నన్ను వదిలేసి వెళ్లిపోయాడు. అలా గాంధీనగర్‌లో సినిమాలు పంపిణీ చేసే వల్లభరావుగారి చేతికి వచ్చాను. ఏ సినిమా ఏ ఊళ్లో ఎన్ని రోజులు ఆడుతుందో ఆయన చిటికెలో చెప్పేవారు. ఏ చొక్కా వేసుకోవాలో తేల్చడానికి మాత్రం అరగంట పట్టేది.

ఎడమ పక్క కూర్చుని మన రోడ్ల మీద బండి నడపడమంటే ముందున్న లారీ వెనుక భాగాన్ని గంటసేపు చదువుకోవడమే. దాటి పోదామంటే ఎదురుగా ఏమొస్తోందో కనపడదు. అందుకని వల్లభరావుగారు తన మేనేజరును కుడి సీట్లో కూర్చోబెట్టుకునేవారు. ఆ మేనేజరు తల బయటికి పెట్టి, "బస్సొస్తోందండీ... ఆగండాగండి... ఆ, ఇప్పుడు పోనివ్వండి!" అని అరుస్తూ ఉండాలి. ఒకసారి ఆ పెద్దమనిషి భయంతో కళ్లు మూసుకునే "పోనివ్వండి" అన్నాడు. మేము ముగ్గురం చెరకు తోటలో తేలాం.

ఆ మర్నాడే వల్లభరావుగారు మద్రాసు వెళ్లి రెండో చేపబండిని కొనుక్కొచ్చారు. అదే రంగు, అదే ముక్కు. దానికి ఇనుప కప్పు ఉంది, స్టీరింగు కుడి పక్క ఉంది. ఇక నన్ను అమ్మేస్తారనుకున్నాను. అమ్మలేదు. రోజూ పొద్దున్నే మొగల్రాజపురంలోని ఇంటి షెడ్డులో మా ఇద్దరి మధ్య నిలబడి, రెండు తాళాలూ చేతిలో ఆడిస్తూ, ఎటూ తేల్చుకోలేక చివరికి రిక్షాలో ఆఫీసుకు వెళ్లేవారు. ఇంతకన్నా విచిత్రమైన యజమాని ఉంటాడా? నాకు ఆయనంటే చాలా ఇష్టం.

మా విడిభాగాలు ఈ దేశంలో దొరికేవి కావు. ఆటోనగర్ మెకానిక్ సుభానీ దానికి ఓ ఉపాయం కనిపెట్టాడు. ఒకదానికి ఏం పాడైతే రెండోదాంట్లోంచి తీసి వేసేవాడు. నా కార్బురేటరు దానికి పోయింది. దాని డైనమో నాకు వచ్చింది. నా హారన్ మూగబోతే దాని హారన్ ఊడదీసి నాకు బిగించాడు, దానికేమో ఏదో లారీ హారన్ తగిలించాడు. ఆ రోజు నుంచి అది కూస్తే లారీ వచ్చిందని జనం పక్కకు తప్పుకునేవారు, నేను కూస్తే అది పిలిచినట్టుండేది.

వల్లభరావుగారు పోయాక ఎనిమిదేళ్లు మమ్మల్ని ఎవరూ కదపలేదు. దుమ్ములో పక్కపక్కనే ఉన్నాం. ఆయన భార్య కనకరత్నమ్మగారు వారానికోసారి వచ్చి, రెండిటినీ చూసి, ఒక్క నిట్టూర్పు విడిచి పోయేవారు. చివరికి ఆ స్థలంలో అపార్టుమెంటు కట్టాలన్నారు. షెడ్డు ఖాళీ చేయాలి.

అప్పుడు వచ్చింది హైమవతి.

యాభై రెండేళ్ల మనిషి. పటమటలో ఆడవాళ్ల డ్రైవింగు స్కూలు నడుపుతోంది. ముప్పై ఏళ్లుగా చిన్న కారులో ఎడమ సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర ప్రత్యేకంగా పెట్టించుకున్న బ్రేకు మీద పాదం ఆనించి, కుడి సీట్లో వణికిపోతున్నవాళ్లకు కారు నేర్పుతోంది. "కంగారు పడకండి, క్లచ్ మెల్లగా వదలండి, నేనున్నాగా!" అనేది ఆమె మంత్రం. బెజవాడలో సగం మంది ఆడవాళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని రోడ్డెక్కారు. ఆమె మాత్రం తన సరదాకి ఒక్క రోజూ బండి నడపలేదు. మోకాలికి రెండేళ్లలో ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాక, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకుని, వయసులో ఉన్నప్పుడు బందరు రోడ్డు మీద చూసిన చేపబండిని వెతుక్కుంటూ వచ్చింది. ఒకటుందనుకుని వచ్చిన మనిషికి రెండు కనపడ్డాయి.

"నీకేది నచ్చితే అది తీసుకోమ్మా," అన్నారు కనకరత్నమ్మగారు. "రెండోది సోమవారం పాత ఇనుము వాళ్లొచ్చి పట్టుకుపోతారు. ముక్కలు చేసుకుంటారంట."

ఆ మాట విన్నాక షెడ్డులో మా పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి. నన్ను తీసుకోవాలని కోరుకుంటే దాన్ని నరికెయ్యమన్నట్టే. దాన్ని తీసుకోవాలని కోరుకునేంత మంచితనం నాకు లేదు. నాకు భయం వేసింది. పైగా ముక్కలయ్యేది అదే అయినా, నాలో సగం కూడా దానితోనే పోతుంది.

హైమవతిగారి భర్త భాస్కరంగారు నీటిపారుదల శాఖలో చేసి రిటైరైన మనిషి. ఏ విషయమైనా కాగితం మీద గడులు గీస్తేగాని ఆయనకు బోధపడదు. వాన, ఎండ, దుమ్ము, లారీలు అని నాలుగు గడులు గీసి మా ఇద్దరికీ మార్కులు వేశారు. ఇనుప కప్పుదానికి తొంభై వచ్చాయి. నాకు ముప్పై.

"చూడు హైమా, గుడ్డ కప్పేసుకుని మే నెలలో ఎక్కడికెళతావు? ఎడం పక్కన స్టీరింగైతే లారీని దాటేదెలా? నన్ను తల బయటపెట్టి చూడమంటావా?"

"అదీ నిజమేనండీ," అంది ఆమె. అంటూనే నా గుడ్డ కప్పును వెనక్కి మడిచి, పైన ఖాళీని చూస్తూ నిలబడిపోయింది. కాసేపటికి అటు వెళ్లి దాని ఇనుప కప్పు మీద చెయ్యి వేసింది. మళ్లీ ఇటు వచ్చింది. వల్లభరావుగారు తిరిగొచ్చారేమో అనిపించింది నాకు.

మర్నాడు సుభానీ బ్యాటరీలు తెచ్చి మా ఇద్దరికీ ప్రాణం పోశాడు. ముందు ఇనుప కప్పుదాన్ని నడిపి చూడమన్నాడు. హైమవతి చకచకా వెళ్లి, తలుపు తీసి, కూర్చుని, చీర సర్దుకుని, ముందుకు చూస్తూ ఉండిపోయింది. ఎంతసేపటికీ బండి కదల్లేదు.

"అమ్మా, నడిపేదెవరు?" అన్నాడు సుభానీ.

చూసుకుంటే ఆమె ఎడమ సీట్లో ఉంది. సిగ్గుపడి, చుట్టూ తిరిగి కుడి పక్కకు వెళ్లింది. బాగానే నడిపింది. కానీ తిరిగొచ్చాక ఎవరో పరాయివాళ్ల బండి దిగినట్టు దిగింది. "బాగుంది, అన్నీ బాగున్నాయి," అని నాలుగుసార్లు అంది. బాగున్నదాన్ని ఎవరైనా అన్నిసార్లు బాగుందంటారా? నన్ను నడపడం దండగని ఆ రోజు నా తలుపు కూడా తీయలేదు.

ఆ రాత్రి ఇంట్లో దుర్గమ్మ పటం ముందు రెండు చీటీలు వేశారట. భాస్కరంగారు కళ్లు మూసుకుని తీస్తే ఇనుప కప్పు వచ్చింది. అయిపోయిందనుకున్నాను. అయితే హైమవతి ఆర్టీవో ఆఫీసు చుట్టూ ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి. ఏ పాత బండి కొన్నా ముందు పెన్సిల్ అచ్చు తీయందే వదలదు. ఇనుము మీద చెక్కిన నంబరు పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. వాటిని ఆర్‌సీ పుస్తకంతో సరిచూస్తారు. ఇనుప కప్పుదాని ఛాసిస్ నంబరు కలిసింది. ఇంజను నంబరు కలవలేదు. ఆమె ఏదో అనుమానం వచ్చి నా పుస్తకం తెరిచింది. ఆ నంబరు అందులో ఉంది.

"సుభానీగారూ, ఇదేంటండీ? దీని కడుపులో దాని ఇంజనుందేంటి?"

సుభానీ నెత్తి కొట్టుకున్నాడు. "నా మతిమరుపు తగలెయ్య! పద్దెనిమిదేళ్ల కిందట దీని ఇంజను పాడైతే, అయ్యగారు తెల్లారి పెళ్లికెళ్లాలి, ఈ బండే కావాలని కూర్చున్నారమ్మా. దాంట్లో ఇంజను దీంట్లో పెట్టి పంపా. దీని ఇంజను బాగుచేసి దాంట్లో పడేశా. తర్వాత తీరిగ్గా మారుద్దామనుకున్నా. ఆ తర్వాతనేది ఎప్పుడొచ్చింది?"

అంటే పద్దెనిమిదేళ్లుగా నాలో ఉన్నది నా గుండె కాదు, దాని గుండెన్నమాట. నాకే తెలియలేదు. దుర్గమ్మ కొండ ఎక్కినప్పటి గర్వం నాదా, దానిదా? పొద్దున్నే స్టార్టు చేస్తే వచ్చిన ఆ దగ్గు ఎవరిది? ఇప్పటికీ ఆలోచిస్తే తల తిరుగుతుంది.

ఏ బండి కొన్నా ఇంజన్లు వెనక్కి మార్చాల్సిందే. పాత ఇనుము వాళ్లను ఆపి, మా ఇద్దరినీ ఆటోనగర్‌కు లాక్కెళ్లారు. సుభానీ పశ్చాత్తాపంతో ఇన్నేళ్లలో చేసిన మార్పులన్నీ గుర్తు తెచ్చుకుని, ఎవరివి వారికి బిగించాడు. ఇరవై రోజులు పట్టింది. భాస్కరంగారు విసిగిపోయి, "ఎందుకొచ్చిన గొడవ, రెండూ వద్దనెయ్యి," అన్నారు. ఆమె అనలేదు. నా సొంత ఇంజను నాలోకి వచ్చి మొదటిసారి మోగినప్పుడు అది ఎవరిదోలా అనిపించింది. చుట్టం ఇంటికొస్తే మొహమాటపడ్డట్టు ఇద్దరం కాసేపు సర్దుకోలేకపోయాం.

ఇనుప కప్పుదాన్ని ఇంటికి తీసుకెళ్లే రోజు వచ్చింది. నిమ్మకాయలు తెచ్చారు, కొబ్బరికాయ తెచ్చారు. అది సుభానీ షెడ్డు లోపల ఉంది, దారికి అడ్డంగా నేనున్నాను. "అమ్మా, చేతులు గ్రీజు, దీన్ని కాస్త ముందుకు తీయండి," అన్నాడు సుభానీ. భాస్కరంగారు ఇన్సూరెన్సు గురించి ఏదో చెబుతూనే ఉన్నారు. ఆమె ఆ మాటలకు ఊ కొడుతూ, ధ్యాస ఎక్కడో పెట్టుకుని, అలవాటు చొప్పున ఎడమ తలుపు తీసి కూర్చుంది. అలవాటు చొప్పున పాదం ఆనించింది.

అక్కడ బ్రేకు ఉంది.

మన దేశంలో ఏ కారులోనూ ఎడమ సీటు ముందు బ్రేకు ఉండదు, ఆమె స్కూలు కారులో తప్ప. ఆమె తల వంచి చూసింది. తరువాత తల ఎత్తింది. ఎదురుగా స్టీరింగు ఉంది. ముప్పై ఏళ్లు ఆ సీట్లో కూర్చుని ఆపడం ఒక్కటే చేసిన మనిషి రెండు చేతులూ నా స్టీరింగు మీద పెట్టింది. తరువాత తాళం తిప్పింది.

"కంగారు పడకండి," అంది మెల్లగా. "క్లచ్ మెల్లగా వదలండి. నేనున్నాగా."

ఎవరితో అందో నాకు ముందు అర్థం కాలేదు. బండిలో ఆమె తప్ప ఎవరూ లేరు. అర్థమయ్యాక నా ఇంజను దానంతట అదే నిలకడకు వచ్చింది.

కాస్త ముందుకు తీయమంటే కంకిపాడు దాకా తీసింది. కాలవ గట్టు మీద గాలికి కొంగు ఎగురుతుంటే ఆమె నవ్వింది, కాసేపు ఏడ్చింది కూడా. అదెందుకో నన్నడగకండి. లారీ అడ్డం వస్తే దాటలేదు, తొందరేముందని దాని వెనకే వెళ్లింది. గంట తరువాత తిరిగొచ్చేసరికి భాస్కరంగారు రోడ్డు మీద అటూ ఇటూ పరిగెడుతున్నారు.

"ఇదేనండీ," అంది ఆమె దిగకుండానే.

"అదేంటి హైమా! అమ్మవారి చీటీలో అది వచ్చిందిగా!"

"చీటీ తీసింది మీరు. నడిపేది నేను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు సంతోషంగానే ఉంది. అయినా ఒక అనుమానం మిగిలింది. ఆమె ఎంచుకున్నది నన్నా, ఎడమ సీటునా? ఇన్నాళ్లూ అందరూ నాలో తప్పు పట్టినదాని కోసమే ఆమె నన్ను తీసుకుంది. దానికి పొంగిపోవాలో నొచ్చుకోవాలో తేల్చుకోలేక, చివరికి పొంగిపోయాను.

రెండోదాన్ని ముక్కలు కానివ్వలేదు హైమవతి. తన దగ్గర కారు నేర్చుకున్న ఒకావిడకు కంకిపాడు దాటాక టిఫిన్ హోటలుంది. ఆవిడను ఒప్పించి దాన్ని హోటలు ముందు నిలబెట్టించింది. ఇంజను ఉంది, నడిపేవాళ్లు లేరు. పిల్లలు దాని ముక్కు మీద కూర్చుని ఫోటోలు దిగుతారు.

ఆదివారం పొద్దున మేము ముగ్గురం ఆ దారిన వెళతాం. నా వెనక 'ఎడమ చేతి డ్రైవింగు' అన్న బోర్డు వేలాడుతుంటుంది. కుడి సీట్లో భాస్కరంగారు తల బయటికి పెట్టి, "రా రా, ఖాళీయే, పోనీ!" అంటుంటారు. హోటలు దగ్గరకొచ్చేసరికి హైమవతి వేగం తగ్గించి, పలకరింపుగా ఒక్కసారి హారన్ మోగిస్తుంది. అది అక్కడే నిలబడి వింటుంది.

సుభానీ ఎవరివి వారికి ఇచ్చేశాడని చెప్పానుగా. హారన్లు మాత్రం మార్చడం మరిచిపోయాడు. ఆ పిలుపు దానిదే.