కజుయో కాదంది

వేడి తువ్వాళ్ళ పెట్టెలో పద్నాలుగో తువ్వాలు చుట్టి పెడుతుండగా ఫోన్ మోగింది. ఉదయం ఏడు కాకముందే ఆ సెలూన్‌కి ఫోన్ చేసేవాళ్ళెవరూ లేరు. కజుయో తడి చేతులు గబగబా తుడుచుకుంది.

"అక్కా, పేపర్ చూశావా?" పక్క చేపల కొట్టు మిత్సు గొంతు.

"ఇంకా లేదే. ఎవరైనా పోయారా?"

"పోవడం కాదు, నువ్వు వచ్చావు! పన్నెండో పేజీ, పాఠకుల ఉత్తరాల్లో, కింద ఎడమ పక్క. తనిమోతో కజుయో, అరవై ఎనిమిదేళ్ళు, క్షౌరవృత్తి, ఇసోజకి. మన ఊళ్ళో ఇంకో కజుయో ఎవరైనా కత్తెర పట్టుకుందా?"

"అంత గట్టిగా అరవకే. గోడలోంచే వినిపిస్తోంది, ఫోన్ దండగ."

పేపరు తలుపు సందులోనే ఉంది. కజుయో దాన్ని అద్దం కింద బల్ల మీద పరిచింది. తన పేరు అచ్చులో అంత నల్లగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఒకసారి చదివింది. కుర్చీ చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ చదివింది.

'మా పేటలో, ఎండుచేపల కార్ఖానాలో పనిచేయడానికి వియత్నాం నుంచి వచ్చిన అమ్మాయిలు నలుగురున్నారు. పేట సంఘంలో సభ్యులు కారు కాబట్టి మా చెత్త వేసే చోట వాళ్ళు చెత్త వేయకూడదని పోయిన నెల సమావేశంలో తీర్మానించాం. సంఘంలో చేరాలంటే కుటుంబం ఉండాలి. ఒకే ఇంట్లో ఉండే నలుగురు పనివాళ్ళు కుటుంబం కాదట. ఇప్పుడు వాళ్ళు చెత్త సంచులు సైకిళ్ళకి కట్టుకుని రెండు కిలోమీటర్లు తొక్కుతున్నారు. ఎవరికైనా అభ్యంతరమా అని అధ్యక్షుడు అడిగినప్పుడు, లేదన్నట్టు తలూపిన వాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు అభ్యంతరం ఉంది. అప్పుడు చెప్పలేదు. అందరితో పాటు తలూపేసి ఇంటికొచ్చాక బాధపడే వాళ్ళం ఈ జపాన్ దేశంలో చాలామందిమి ఉన్నామనిపిస్తుంది. మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు. నేను మాత్రం ఆ రోజు ఊపిన తలను వెనక్కి తీసుకుంటున్నాను.'

పేపరు వాళ్ళు మధ్యలో ఒక వాక్యం కోసేశారు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ అమ్మాయిలు సైకిళ్ళు దిగి, ఒకరి సంచిని ఇంకొకరు వెనక నుంచి పట్టుకుంటారని రాసింది. ఆమె లెక్కలో అదే మంచి వాక్యం. కోస్తే కోశారు. తొమ్మిదేళ్ళలో ముప్పై నాలుగు ఉత్తరాలు పంపితే, అచ్చయింది ఈ ముప్పై నాలుగోది ఒక్కటే.

కజుయో పొట్టి మనిషి. నలభై ఐదేళ్ళుగా చెయ్యెత్తి పనిచేసి కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు పైకి లేచి ఉంటుంది. గోళ్ళ చుట్టూ చర్మం ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉంటుంది, సబ్బు వాసన స్నానం చేసినా పోదు. కొండల లోపలి ఊరి నుంచి ఇరవై మూడేళ్ళకి ఈ రేవుకి కోడలిగా వచ్చిన రోజే అత్తగారు కత్తి చేతికిచ్చి మూడు మాటలు చెప్పింది: రాజకీయం వద్దు, దేవుడి సంగతి వద్దు, బేస్‌బాల్ వద్దు. ఎవరేమన్నా 'అవునండీ' అను.

అలాగే అంది. బియ్యం ధర రెట్టింపైందని ఒకాయన సర్కారుని తిడితే అవునండీ. రైతుకి ఇన్నాళ్ళకి నాలుగు గింజలు మిగిలాయని ఇంకొకాయన సంబరపడితే నిజమేనండీ. అణు విద్యుత్ కేంద్రం తెరవాలన్నాయనకీ మూసేయాలన్నాయనకీ ఒకే తువ్వాలు, ఒకే జవాబు. పెళ్ళయ్యాక ఆడవాళ్ళు ఇంటిపేరు మార్చుకోకపోతే సంసారాలు ఏమైపోతాయని ఒకాయన బెంగపడుతుంటే, తన పుట్టింటి పేరు బడి సర్టిఫికెట్ మీద తప్ప ఎక్కడా మిగల్లేదని గుర్తొచ్చింది. ఆయన చెవి వెనక జాగ్రత్తగా గీస్తూ అప్పుడు కూడా అవునండీ అంది.

భర్త పోయిన వారం చుట్టాలంతా కూర్చుని షాపు మూసేయమని ఒకరు, అమ్మేయమని ఒకరు సలహాలిచ్చారు. అందరికీ అవునండీ చెప్పి పంపించి, ఆ రాత్రి క్యాలెండర్ కాగితం వెనక మొదటి ఉత్తరం రాసింది. షాపు మూయలేదు, ఉత్తరాలూ ఆపలేదు.

తొమ్మిదింటికి తలుపు తీసేసరికి ఎన్నడూ లేనిది ముగ్గురు బయట నిలబడి ఉన్నారు. ఒకాయనకి కత్తిరించడానికి జుట్టే లేదు. "ఊరికే వచ్చా" అన్నాడు సిగ్గుపడుతూ. ఇంకొకాయన, "బాగా రాశారు కానీ, మన ఊరి పేరు లేకుండా ఉంటే బాగుండేది" అన్నాడు. పోస్టాఫీసు మనిషి ఉత్తరం ఇచ్చి పోకుండా లోపలికొచ్చి కరచాలనం చేసింది. పదింటికి కార్ఖానా యజమాని భార్య ఫోన్ చేసి, తన భర్త రేపటి అపాయింట్‌మెంట్ రద్దు చేయమంది. కారణం చెప్పలేదు. కజుయో పుస్తకంలో ఆ పేరు మీద గీత గీసింది. గుండె దడదడలాడింది, కానీ చిత్రంగా భయం వేయలేదు. చిన్నప్పుడు వాగు మీద బల్ల వంతెన పరుగెత్తి దాటినప్పుడు ఇలాగే ఉండేది.

పదకొండున్నరకి ఇవాకి వచ్చాడు.

ఇవాకికి ఎనభై ఒకటి. ఒకప్పుడు స్క్విడ్ చేపలు పట్టే పడవ నడిపాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. పన్నెండేళ్ళుగా పేట సంఘం అధ్యక్షుడు. కుర్చీలో కూర్చుంటే బియ్యం ధర నుంచి ఊరి బడి మూసేయడం దాకా అన్నిటి మీదా తీర్పులు చెప్పే మనిషి. ఆ అభ్యంతరం సంగతి అడిగింది ఆయనే. నేరుగా వచ్చి, లావుపాటి కళ్ళజోడు సర్దుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. కజుయో తెల్లగుడ్డ మెడకి కట్టి, నురుగు పూసి, కుడి చెంప గీసింది.

"'ఊపిన తలను వెనక్కి తీసుకుంటున్నాను'" అన్నాడు ఇవాకి, పైకప్పు చూస్తూ. "గొప్పగా ఉందమ్మా. ఊపినప్పుడు మెడ నొప్పి పుట్టలేదా?"

కజుయో కత్తి పక్కకి తీసింది.

"ఆ పిల్లలు చేపపేగులు పాత పేపర్లు వేసే రోజున పడేశారు. సంచి చీల్చి కాకులు వీధంతా పరిచాయి. పొద్దున్నే ఐదింటికి చీపురు పట్టుకుని ఊడ్చేదెవరో నీ ఉత్తరంలో ఉందా? పన్నెండేళ్ళుగా ఊడుస్తున్నా. రాసేది మీరు, ఊడ్చేది నేను. కాలవ శుభ్రం చేసే రోజు వాళ్ళొక్కరైనా వచ్చారా? మన పద్ధతి తెలియని వాళ్ళు మన చోట చెత్త వేయకూడదు. అంతే. అవునా?"

నలభై ఐదేళ్ళ అలవాటు నాలుక చివరి దాకా వచ్చింది. కజుయో దాన్ని మింగింది.

"కాదండీ" అంది.

ఇవాకి తల తిప్పాడు. "ఏమన్నావ్?"

"కాదండీ అన్నాను. వాళ్ళకి పద్ధతి ఎవరు చెప్పారు? కాలవ శుభ్రం చేసే రోజు ఎప్పుడో ఎవరు చెప్పారు? ఆ చీటీ సభ్యుల ఇళ్ళకే వేస్తాం కదా. మీరు ఊడుస్తున్నారని నాకు తెలియదు, అది నా తప్పే. కానీ మీరు కష్టపడ్డంత మాత్రాన మీరన్నది సరైపోదు." మాటలు ఒకదాని వెనక ఒకటి తోసుకొస్తున్నాయి. ఆపుదామన్నా ఆగేట్టు లేవు. "ఇంకోటి. బియ్యం విషయంలో కూడా మీరు చెప్పేది తప్పు. బడి మూసేసే విషయంలో కూడా. ఇరవై ఏళ్ళుగా తప్పే చెబుతున్నారు!"

ఇవాకి లేచాడు. ఎడమ చెంప నిండా నురుగు, మెడ నుంచి మోకాళ్ళ దాకా తెల్లగుడ్డ. అలాగే తలుపు తోసుకుని వీధిలోకి పోయాడు. అవతల ఐస్ ముక్కలు పోస్తున్న మిత్సు పార కింద పడేసింది.

"అక్కా! ఆయన్ని ఏం చేశావే? సగంలో వదిలేశావేం?"

"ఆయనే వెళ్ళాడు!" అంది కజుయో. మొహం వేడెక్కిపోయి ఉంది. తనకి నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. బల్ల అంచు పట్టుకుని రెండూ ఆపుకుంది.

పన్నెండు దాటాక తలుపు దగ్గర సైకిల్ ఆగింది. కార్ఖానా నీలం చొక్కా వేసుకున్న సన్నటి అమ్మాయి లోపలికొచ్చి నడుము దాకా వంగి దండం పెట్టింది.

"నా పేరు లియెన్. పేపర్ ఫోన్‌లో మా భాషలోకి మార్చి చదివాం. అందరం. చాలా థాంక్స్." అక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని, "కొంచెం తప్పు ఉంది. నలుగురం కాదమ్మా, ఆరుగురం. రెండు కిలోమీటర్లు కాదు. మూడు పాయింట్ రెండు."

కజుయో నోరు తెరిచింది. తొమ్మిదేళ్ళకి అచ్చయిన ఒక్క ఉత్తరంలో లెక్కలు రెండూ తప్పు. అడిగి రాయాలని తోచనే లేదు, కిటికీలోంచి చూసి రాసేసింది. "అయ్యో" అంది. తర్వాత పెద్దగా నవ్వేసింది. లియెన్ కూడా నవ్వింది.

"భోజనానికి ఎంతసేపు ఇస్తారు?"

"నలభై నిమిషాలు."

"కూర్చో. ముందు జుట్టు కళ్ళల్లో పడుతోంది నీకు. డబ్బు మాటెత్తకు."

లియెన్ ముంగురులు సగం అయ్యేసరికి వెనక తలుపు చప్పుడైంది. ఇవాకి. ఎండిపోయిన నురుగు చెంప మీద పొలుసులుగా లేస్తోంది. తెల్లగుడ్డ ఇంకా మెడకే ఉంది. కళ్ళు చికిలించి కుర్చీలో ఎవరున్నారో చూసి ఆగిపోయాడు.

"నేనొచ్చింది రెండు చెంపలకి" అన్నాడు గంభీరంగా.

"కాసేపు కూర్చోండి. ఈ అమ్మాయిది అయిపోతుంది."

సంఘం అధ్యక్షుడు బెంచీ మీద కూర్చున్నాడు. అద్దంలో ఆయన్ని చూసి లియెన్ పెదవులు బిగబట్టింది. భుజాలు వణికాయి. ఇక లాభం లేక కిసుక్కుమంది.

"నవ్వుతున్నావా?" అన్నాడు ఇవాకి. "సరే చెప్పు. చేపపేగులు ఏ రోజు వేయాలి?"

"మంగళవారం, శుక్రవారం. ఎనిమిది లోపల. పసుపు సంచి. పేపర్లు రెండో బుధవారం, తాడు కట్టి. సీసాలు మూడో బుధవారం, మూత తీసి. వాన పడితే పేపర్లు వద్దు." లియెన్ తల కదపకుండా గడగడా అప్పజెప్పింది. "పేగులు మేమే వేశాం. మొదటి వారం. అప్పుడు తెలియదు. క్షమించండి."

"ఇదంతా ఎవరు చెప్పారు నీకు?"

"అక్కడ మీ బోర్డు ఉంది కదండీ. రోజూ సంచులతో దాని పక్క నుంచే వెళ్తాం. చదివి చదివి వచ్చేసింది."

సీసాలు మూడో బుధవారమని కజుయోకే తెలియదు. ఆ మాట బయటికి అనలేదు. లియెన్ లేచి ఇద్దరికీ దండం పెట్టి, కొత్త ముంగురులు వేళ్ళతో తడుముకుంటూ సైకిలెక్కి పోయింది.

ఇవాకి మళ్ళీ కుర్చీలో వాలాడు. కజుయో వేడి తువ్వాలుతో చెంప తడిపి, కొత్త నురుగు పూసింది.

"నా అభిప్రాయం మారలేదు" అన్నాడాయన కళ్ళు మూసుకుని.

"నాదీ మారలేదు."

"అది. అలా అనాలి." ఒక కన్ను తెరిచాడు. "నలభై ఐదేళ్ళుగా ఈ కుర్చీలో గోడతో మాట్లాడినట్టుండేది నాకు. ఇందాక వీధిలో నడుస్తుంటే ఒళ్ళు మండిపోయింది. తర్వాత చూస్తే, నాకు ఎన్నాళ్ళకో ఆకలేసింది."

కజుయో ఆయన తల కాస్త వెనక్కి వంచింది. గడ్డం కింద చర్మం సాగదీసి మెల్లగా గీసింది. ఆ చర్మం పోయిన నెల కంటే బాగా వదులైంది. మెడలో రెండు నరాలు తాళ్ళలా తేలాయి.

"పై లోయలో వృద్ధాశ్రమం ఉంది కదా. గది ఖాళీ అయిందట. మూడింటికి వాళ్ళ వ్యాన్ వస్తుంది."

"ఈ రోజా?"

"ఈ రోజే. సామాను ఒక పెట్టె. ఎవరికీ చెప్పలేదు. చెబితే వీడ్కోలు సభలంటారు, అభ్యంతరమా అని అడుగుతారు, అందరూ తలలూపుతారు." ఆయన పొట్ట కదిలింది, నవ్వాడు. "బియ్యం విషయంలో నాది తప్పన్నావు. ఎలా తప్పో చెప్పు."

కజుయో చెప్పింది. కత్తి తుడుస్తూ, చెవుల్లో వెంట్రుకలు కత్తిరిస్తూ, మెడ మర్దన చేస్తూ చెప్పింది. తొమ్మిదేళ్ళుగా క్యాలెండర్ కాగితాల వెనక రాసిందంతా చెప్పింది. ఆయన కాదన్నాడు. ఆయన కాదన్నదాన్ని ఆమె కాదంది. ఒకసారి ఆయన కుర్చీ చేతిని గుద్దాడు. ఒకసారి ఆమె దువ్వెన ఊపింది. మిత్సు రెండుసార్లు తలుపు తీసి చూసి పోయింది. గడియారం రెండు కొట్టేదాకా ఆ గదిలో ఎవరూ అవునండీ అనలేదు.

"సరే, టైమైంది" అంటూ ఇవాకి కంగారుగా లేచాడు. నున్నగా ఉన్న రెండు చెంపలూ రెండు అరచేతులతో తడుముకుని, చేయి గాల్లో ఊపి బయటికి నడిచాడు.

మూడు దాటిన ఐదు నిమిషాలకి తెల్లటి వ్యాన్ రేవు వైపు నుంచి వచ్చింది. కజుయో వీధిలోకి పరుగెత్తింది. మిత్సు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇవాకి గారూ!" కజుయో రెండు చేతులూ ఎత్తి ఊపింది. వ్యాన్ మలుపు దగ్గర నెమ్మదించింది. ఇవాకి కిటికీ పక్కనే ఉన్నాడు. మొహం ఆమె వైపే ఉంది, సూటిగా. చెయ్యెత్తలేదు. తల వంచలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళని చూసినట్టు చూశాడు. వ్యాన్ కొండ దారి పట్టింది.

"ఇంకా కోపమేనా ముసలాయనకి?" అంది మిత్సు.

"అయుండొచ్చు" అంది కజుయో.

లోపలికొచ్చి, కుర్చీ మీద తెల్లగుడ్డ తీసి దులిపింది. నేల ఊడ్చింది. లియెన్ నల్లటి ముంగురులూ ఇవాకి తెల్ల వెంట్రుకలూ ఒకే చేటలో చేరాయి. తర్వాత కత్తులు కడగడానికి అద్దం కింద ట్రే దగ్గరికి జరిగింది. నురుగు పూసే ముందు గిరాకీల మొహం మీద నుంచి తీసినదాన్ని అందులో పెట్టడం ఆమె చేతులకి అలవాటు. ఎప్పుడు పెట్టిందో కూడా గుర్తులేదు. దువ్వెనల పక్కన, లావుపాటి అద్దాలతో, విరిగిన కాడకి చేపల దారం చుట్టి కట్టిన కళ్ళజోడు ఒకటి, కాళ్ళు ముడుచుకుని పడి ఉంది.