బొల్లి కుడితిలో మాడిన నూనె

డబ్బా మూత తీయగానే వదిన కొంగుతో ముక్కు మూసుకుంది. ఆ ఇంటి పెద్దకోడలు ఆమె. పెత్తనమంతా మరిదిది. మిఠాయి కొట్టులో కాగి కాగి నల్లబడిన నూనె అది. అడుగున మాడిన పిండి, పైన చచ్చిన ఈగ. మరిది మాత్రం తేనె దొరికినట్టు మురిసిపోతున్నాడు. మనిషి నెయ్యి తింటే కొవ్వెక్కినట్టే, ఆవు నూనె తాగితే పాలలో వెన్న పెరుగుతుందట. తెలివి తెల్లారినట్టే ఉంది. దండగని గడ్డి తగ్గించిందీ ఈ మహానుభావుడే.

అయినా వదిన కాదనలేకపోయింది. ఇంకోసారి వెన్న తగ్గితే పాలు తీసుకునేది లేదని పాలకేంద్రం వాళ్లు తెగేసి చెప్పారు. అదే జరిగితే బొల్లి ఆవుని అమ్మేస్తానన్నాడు మరిది. దూడగా ఉన్నప్పుడే తల్లి చచ్చిన బొల్లిని ఆమే పాలు పట్టి పెంచుకుంది.

నూనె కలిపిన కుడితి వాసన చూసి బొల్లి మొహం తిప్పుకుంది. వదిన అందులో బెల్లం కలిపి, తవుడు ముద్దలు చేసి, తన చేత్తో నోటికి అందించింది. ఆ చెయ్యి కాబట్టి తిన్నది.

వారం తిరక్కుండా కొట్టంలో నిలబడలేని కంపు. పేడ నీళ్లలా జారి, దాని మీద జిడ్డు మెరిసింది. బొల్లి నెమరు మానేసింది. వెన్న పెరగడం దేవుడెరుగు, ఉన్నదే సగమైంది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

పశువుల డాక్టరు తొట్టి వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవు కడుపులో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయనీ, వెన్నకి కావలసిన సరుకు చాలావరకు అవే తయారు చేస్తాయనీ, ఇంతంత నూనె పోస్తే అవి చచ్చి వెన్న పడిపోతుందనీ చెప్పాడు. నూనె మాని, గడ్డి కడుపునిండా పెట్టమన్నాడు.

ఆయన గడప దాటాడో లేదో, మోతాదు చాల్లేదేమో, రెండింతలు పోసి చూద్దామన్నాడు మరిది.

వదినకి రోత పుట్టింది. ఈసారి నూనెని చూసి కాదు, మనిషిని చూసి. గ్లాసు నిండా ఆ నూనె పోసి అతని ముందు పెట్టింది.

"ముందు నువ్వు తాగు బాబూ. బెల్లం కలపమంటావా?"

పౌరుషానికి గ్లాసు ముక్కుదాకా తెచ్చాడు. అంతే, గోడవారకి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు.

"వాసనకే నువ్వు కక్కావు. అది నా మొహం చూసి మింగింది," అంది వదిన.

డబ్బాలు బయటికి పోయాయి. గడ్డి పడ్డాక బొల్లి నెమరు వేసింది, వెన్న మెల్లగా తేరుకుంది, పాలకేంద్రం వాళ్లు మళ్లీ పాలు తీసుకున్నారు, అమ్మకం మాట ఇక రాలేదు. ఆ సంతోషంలో వదిన బెల్లం ముక్క తెచ్చి బొల్లి నోటి దగ్గర పెట్టింది. బొల్లి ఆ చేతిని వాసన చూసి మొహం తిప్పుకుంది. వదిన వెళ్లి సబ్బుతో మోచేతులదాకా తోముకుని వచ్చింది. మళ్లీ తిప్పుకుంది.

ఆ చేతిని చూస్తే ఆమెకే అసహ్యం వేసింది. బెల్లం తొట్టిలో వేసి ఇవతలికి వచ్చేసింది. ఆమె గుమ్మం దాటాక, వెనక బొల్లి నములుతున్న చప్పుడు వినిపించింది.