కబురు శ్రీరంగప్ప

పొద్దున కరెంటు పోయి వచ్చింది. అంతే, సర్వర్ మళ్లీ మొండికేసింది. శ్రీరంగప్ప కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, రెండు వేళ్లతో ఒక్కొక్క అక్షరమే కొట్టి, నడుస్తున్న కంటైనర్ల జాబితా, అంటే ప్రోగ్రాములు పెట్టిన డబ్బాల్లాంటివాటి లెక్క, తెర మీదికి తెప్పించాడు. అనుకున్నట్టే అయింది. కరెంటు రాగానే, పాత ప్రోగ్రాము ఉన్న కంటైనర్ తనంతట తానే లేచి డేటాను పట్టుకుని కూర్చుంది. కొత్తదాన్ని దగ్గరికి రానివ్వడం లేదు.

"ఈ డేటాబేస్ వేరే యాడో ఉండదు పెద్దనాయనా, ప్రోగ్రాము కడుపులోనే ఉంటాది. ఇద్దరు ఒకేసారి తెరుస్తామంటే ఒప్పుకోదు" అని ఈ ప్రోగ్రాము రాసిచ్చిన సంఘం పిల్ల అరుణజ్యోతి మొదట్లోనే చెప్పింది. శ్రీరంగప్పకు వచ్చిన కమాండ్లు నాలుగే. రెండిటితో పాతదాన్ని ఆపి, కొత్తదాన్ని లేపాడు.

ధర్మవరం నేతగాళ్ల సంఘంలో ఆయన పని ఒక్కటే, చావు కబురు చెప్పడం. వాళ్ల నాయన ఊరూరూ నడిచి చెప్పాడు. ఈయన సైకిల్ మీదా, ఆ తర్వాత టీవీఎస్ మీదా తిరిగి చెప్పాడు. ఎవరికి ఎవరేమవుతారో ఆరేళ్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిన పదకొండు వేల పేర్లు ఇప్పుడు సర్వర్‌లో ఉన్నాయి. పేరుకూ పేరుకూ మధ్య ఉన్న బంధుత్వాన్ని, మగ్గం మనుషులు కదా, పోగు అంటారు. పోయినవాళ్ల పేరు కొడితే చాలు, ఆ పోగుల వెంబడి పోయి, చెప్పాల్సినవాళ్లందరినీ బయటికి లాగుతుంది.

చెప్పడం మాత్రం ఆయనే. ఫోన్ ఎత్తగానే "బువ్వ తిన్యారా?" అని అడుగుతాడు. తినలేదంటే తినమని, కాసేపాగి మళ్లీ చేస్తాడు. కబురు విన్నాక ఆ ఇంట్లో ముద్ద దిగదు. ఖాళీ కడుపుతో ఎవరినీ ఏడిపించకూడదని వాళ్ల నాయన పెట్టిన పద్ధతి. దాంతో ఆ మాట ఆయన నోట వింటే ఊరికి దడ. పెళ్లి పందిట్లో కూడా ఎవరినీ తిన్నారా అని అడగడానికి లేదు. ఇంట్లో భార్య నాగలక్ష్మమ్మను సైతం "పొయ్యి ఆర్పినావా?" అనే అడుగుతాడు. ముప్పై ఏళ్ల కాపురం, పాపం, అట్లే గడిచింది.

"మెసేజ్ కొడితే ఒక్క నిమిషంలో అందరికీ పోతాది గదా" అంటుంది అరుణజ్యోతి, ఏడాదిగా.

"పోతాది పాపా. ముద్ద నోట్లో ఉండగా పోతే?"

ఆ తెల్లవారుజామున పోయింది సంఘంలోని ముసలామె బయమ్మ. డెబ్బై నాలుగు పేర్లొచ్చాయి. కాగితం మీద తీసుకుని శ్రీరంగప్ప సగం మందికి చెప్పేసరికి బయమ్మ కొడుకు తిమ్మన్న వచ్చాడు.

"గోరంట్ల కదిరమ్మ పేరు తీసెయ్ సార్. నాకు చెల్లెలే ల్యా. ఆ పోగు తెంపెయ్."

పదేళ్ల కిందట అమ్మ మగ్గం తనకిమ్మని కదిరమ్మ అడిగింది. అప్పటినుంచీ అన్న గడప తొక్కనివ్వలేదు.

"తెంపితే మీయమ్మకు బిడ్డ ల్యాకుండా పోతాదప్పా. నా చేత గాదు."

"సాయంత్రం ఐదుకు మట్టి చేస్తాం. ఆయమ్మ వచ్చిందంటే ఆడ రభసే!"

"రభస నువ్వు చూసుకో. కబురు నాది."

తిమ్మన్న తలుపు విసిరికొట్టి పోయాడు. కదిరమ్మ ఫోనేమో స్విచాఫ్. మిగతావాళ్లకు చెబుతూనే, నడుమ నడుమ ఆమెకు పన్నెండుసార్లు చేశాడు. తల్లి మొగం ఆఖరుసారి చూడాలంటే ఆమె మధ్యాహ్నం రెండింటి బస్సు ఎక్కాలి. ఒంటిగంటా ఇరవైకి ఆమె ఫోన్ మోగింది, ఎత్తింది.

"ధర్మవరం నుంచి తల్లీ. బువ్వ తిన్యావా?"

ఆ ఊరి ఆడపడుచు, ఆ మాటకు అర్థం తెలియకేం?

"ల్యా సామీ. ఇప్పుడే పెట్టుకుంటాండా."

"తిను. నేనే మళ్లా చేస్తా."

ఫోన్ పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అరుణజ్యోతి వచ్చి రెండుసార్లు పిలిచింది. చెయ్యి పట్టుకుని చూసింది. పక్క క్లినిక్‌లోంచి కాంపౌండర్ పరుగున వచ్చాడు, నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. శ్రీరంగప్పను బెంచీ మీద పడుకోబెట్టారు. సంఘం అధ్యక్షుడు గంగాధరప్ప నాగలక్ష్మమ్మకు చెప్పడానికి స్కూటర్ తీశాడు.

అప్పుడు ఫోన్ మోగింది, తెర మీద కదిరమ్మ పేరు. అరుణజ్యోతి ఎత్తింది.

"తిన్యా సామీ. ఎవరో చెప్పు."

అరుణజ్యోతి కళ్లు తుడుచుకుంది.

"అక్కా... మీయమ్మ. ఐదుకు మట్టి. రెండు గంటలకు కొత్తచెరువు మీద బస్సుండాది. ఇప్పుడే బయలుదేరితే మొగం చూస్తావు."

అవతల ఏడుపు కాసేపు సాగింది. అరుణజ్యోతి ఫోన్ పెట్టలేదు. కదిరమ్మ ముక్కు చీదుకుని, "పోతాండా. ఇందాక తినమన్న సామి యాడమ్మా?" అంది.

అరుణజ్యోతి బెంచీ వైపు చూసింది.

"బువ్వకు పోయినాడక్కా."

టేబుల్ మీది కాగితంలో, కదిరమ్మ పేరు పక్కన, పెన్సిల్‌తో శ్రీరంగప్ప రాసుకున్నది అట్లే ఉంది: 'తింటాంది. 1.40కి చెయ్యాల.'