మామగారి ముందుపన్ను

మేకులు పళ్ళ మధ్య పట్టుకుని పనిచేయడం వడ్రంగి మామగారికి నలభై ఏళ్ళ అలవాటు. ఆ అలవాటే చివరికి ఆయన ముందుపన్ను విరగ్గొట్టింది. పళ్ళ డాక్టరైన కోడలు రూట్ కెనాల్ చేసి నొప్పి తీసేసింది. ఇక మిగిలిన మొండి మీద పన్ను కట్టాలంటే వేరులోకి సన్నని పోస్టు ఒకటి దించాలి. వేరు గనక పగిలిందంటే పన్ను పీకేయడమే గతి. అందుకే ఆమె ఆచితూచి, ఒత్తిడికి కాస్త వంగే ఫైబర్ పోస్టు చేతిలోకి తీసుకుంది.

"ఈ చీపురుపుల్లా?" మామగారు కుర్చీలో లేచి కూర్చున్నారు. "స్టీలుది వెయ్యమ్మా! నాకంటే ముందు అది పోకూడదు."

ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. కోడలు మెల్లగా అడిగింది.

"మామయ్యా, పాత కుర్చీ కాలు విరిగితే లోపల ఏం దించి అతికిస్తారు?"

"కొయ్య మేకు. ఇనుపది దించితే, బరువు పడ్డప్పుడు అది వంగి చావదు. కాలే నిలువునా..." ఆయన సగంలో ఆగిపోయారు.

మాస్కు వెనక కోడలికి నవ్వు ఆగలేదు.

"నా ఉలితో నన్నే చెక్కేశావు కదమ్మా! సరే, ఆ పుల్లే కానియ్," అంటూ ఆయన నోరు బార్లా తెరిచారు.

వారం తర్వాత ఆమె వెళ్ళేసరికి మామగారు షెడ్డులో తలుపు బిగిస్తున్నారు. నోట్లో ఒక్క మేకూ లేదు. అన్నీ చొక్కా జేబులో గలగలలాడుతున్నాయి. కోడల్ని చూసి, కొత్త పన్నుతో సహా ముప్పై రెండూ కనబడేలా నవ్వారు.