బీట మీద గాజు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది. నా పార్ట్‌నర్ అభిజిత్‌కు తెలియడానికి మాత్రం ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఇద్దరం ఆర్కిటెక్టులం. కాలేజీలో ఒకే బెంచీ, తర్వాత ఒకే ఆఫీసు. బోర్డు మీద అతని పేరు ముందు, మృత్యుంజయ అని నాది వెనక. నేను బెంగాల్‌లోనే, టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన తెలుగువాణ్ణి. అతను బెంగాలీ, పది మాటలకు ఒక మాట మాట్లాడే రకం. సైటుకు వెళ్ళి నలుగురినీ కలుపుకోవడం నా పని. లెక్క కట్టి, రిపోర్టు రాసి, సంతకం పెట్టడం అతని పని. నేను చూశానంటే చూసినట్టే, మళ్ళీ అడిగేవాడు కాదు.

పాత ఇళ్ళ పరీక్షలో మాకు కాస్త పేరుంది. గోడ బీట వారితే, ఆ బీటకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ సిమెంటుతో అతికించి తేదీ రాస్తాం. ఇల్లు కదులుతుంటే గాజు పగులుతుంది. అంతే, బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే అభిజిత్ పెట్టిన నియమం ఒకటుంది: గాజు ఎందుకో అద్దెకున్నవాళ్ళకు చెప్పకూడదు. అడిగితే చెమ్మ చూడ్డానికని చెప్పాలి.

ఖిదిర్‌పూర్‌లో ఒక మూడంతస్తుల ఇంటి యజమాని మమ్మల్ని పిలిచాడు. కింది వాటాలో శేషయ్య, సత్యవేణి అని ముసలి దంపతులు. ఆయన ఓడరేవు డాక్‌లో పనిచేసి రిటైరయ్యాడు. మేం వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో చేపలవాడితో బెంగాలీలో పోట్లాడుతోంది. నేను తెలుగువాణ్ణనగానే తెలుగులోకి దిగింది.

"మనోళ్ళేనా బాబూ! కూకో, టీ తాగి ఎల్దువు. గోడకేటి అంటిస్తన్నావు?"

ఆ యాస వింటే ప్రాణం లేచొచ్చింది. మనవాళ్ళ దగ్గర అబద్ధమెందుకు అనుకున్నాను.

"ఇది పగిలిందంటే ఇల్లు కదులుతున్నట్టు పెద్దమ్మా. ప్రమాదమని బోర్డు పెట్టి అందర్నీ ఖాళీ చేయిస్తారు. జాగ్రత్తగా చూస్తుండండి."

వీధిలో కొలతలు తీసుకుంటున్న అభిజిత్, ఏం చెప్పావని అడిగాడు. చెమ్మ కోసమన్నానని చెప్పాను.

నెలకోసారి వెళ్ళి చూశాను. గాజు పగల్లేదు. మూడో నెల అది తళతళలాడుతోంది. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి దుమ్ము పేరుకునే వీధి అది. కళ్ళుండీ గుడ్డివాణ్ణి! "భలే తుడుస్తున్నారు పెద్దమ్మా!" అని మెచ్చుకున్నాను. ఆవిడ నవ్వింది. శేషయ్య నవ్వలేదు.

గాజు చెక్కుచెదరలేదని అభిజిత్‌కు చెప్పాను. మనుషులను ఉంచే మరమ్మతు చేయొచ్చని రాసి అతను సంతకం పెట్టాడు.

పదకొండో రోజు, పట్టపగలు, జోరువానలో ఆ గోడ కూలింది. ముగ్గురు పోయారు. వాళ్ళలో శేషయ్య ఒకడు.

సంతకం అభిజిత్‌ది కాబట్టి విచారణకు పిలుపు అతనికే వచ్చింది. గాజు పగలకుండా గోడ ఎలా పడిందంటూ మూడు రోజులు వేసిన లెక్కే మళ్ళీ వేశాడు. "తప్పు నా లెక్కలోనే ఉంది, జయ్," అన్నాడు. నాలుగో రోజు ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. కాలికి కట్టుతో ఉన్న సత్యవేణి నా చెయ్యి పట్టుకుంది.

"పగిలినప్పుడల్లా మా ముసిలోడు దేవుడి పటం అద్దం కోసి కొత్తది ఎట్టాడు బాబూ. తేదీ కూడా నీలాగే రాసినాడు. మూడుమాట్లు. ఎల్లగొడితే ఎక్కడికెల్తాం సెప్పు? ఆ అద్దెకి ఇంకెవరిత్తారు?"

"ఏమంటోంది?" అన్నాడు అభిజిత్.

"భర్త కోసం ఏడుస్తోంది," అన్నాను బెంగాలీలో.

సత్యవేణి నా చెయ్యి వదిలేసింది. అరవై ఏళ్ళు ఖిదిర్‌పూర్‌లో బతికిన మనిషి. అభిజిత్ వైపు తిరిగి, "దాదా" అని అన్నను పిలిచినట్టు పిలిచి, మొదటి నుంచి చివరి దాకా బెంగాలీలో చెప్పింది. మొదటి రోజు నేనన్న మాటతో సహా.

అతను ఆవిడ మంచం పక్కన కూర్చున్నాడు. "తప్పు మీది కాదు మాషీమా," అన్నాడు, పిన్నిని పిలిచినట్టు. నా వైపు చూడలేదు.

మెట్ల దగ్గర ఆగాడు. "సోమవారం విచారణలో గాజు మార్చిన సంగతి చెప్పను. చెబితే నెపమంతా చచ్చిపోయినవాడి మీద వేస్తారు. గాజు చూసింది నువ్వని, నీ పేరు చెప్పాలా వద్దా, నువ్వే చెప్పు."

ఎదుటివాడు అడక్కముందే వాగే నోరిది. ఆ రోజు పెగల్లేదు. అభిజిత్ నిలబడి కాసేపు చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. థూ, నా బతుకు.

అతని లైసెన్సు పోయింది. బోర్డు మీద ఇప్పుడు నా పేరొక్కటే ఉంది.