సాలీడు ఎన్ని కళ్ళతో ఏడుస్తుంది?

ఇళ్ళలో బొద్దింకలకూ చెదలకూ మందు కొట్టడం అతని పని. గేటు చప్పుడవగానే "పురుగులాయన వచ్చాడమ్మా!" అని లోపలికి కేకేస్తారు. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటుందని ఎవరికీ గుర్తులేదు, అతనూ గుర్తుచేయడు. అసలు నోరు తెరిస్తేగా! తలూపితే అవును, ఊపకపోతే కాదు. ఆ తలూపుడుతో వేగలేకే భార్య కూతుర్ని తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది. "గోడతో కాపురం చేసినా కాస్త ప్రతిధ్వని వినిపించేది" అని వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. ఆ మాటకైనా బదులివ్వొచ్చుగా మహానుభావుడు? ఇవ్వలేదు.

ఇప్పుడతనికి మిగిలింది ఒక గది, ఒక మంచం, ఆదివారం పొద్దున పదింటికి ఆరేళ్ళ కూతురితో ఫోను. మొదటి రెండు వారాలూ "తిన్నావా?", "ఊఁ", "బడికెళ్ళావా?", "ఊఁ"లతోనే గడిచిపోయాయి. ఇలాగే సాగితే పిల్ల ఫోను దగ్గరికి రావడమే మానేస్తుందని అతనికి బెంగ పట్టుకుంది. మూడో వారం దారి చూపింది పిల్లే.

"నాన్నా, సాలీడు తన గూట్లో తనే ఎందుకు చిక్కుకోదు?"

అంతే, మాటలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో! కొన్ని పోగులకే జిగురుంటుందనీ, అది జిగురు లేని పోగులు చూసుకుని నడుస్తుందనీ పావుగంట చెప్పాడు. ఫోను పెట్టేసేసరికి గొంతు నొప్పి పుట్టింది.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ప్రశ్నలే. చీమలు నిద్రపోతాయా? మిణుగురుకి ఒళ్ళు కాలదా? సాలీడుకి ఎనిమిది కళ్ళు కదా, ఏడుపొస్తే ఎనిమిదింటితోనూ ఏడుస్తుందా? వారమంతా అతనికి అదే ధ్యాస. వంటింటి తూము పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మందు కొట్టే ముందు టార్చి వేసి, బొద్దింక మీసాలు ఎలా తిప్పుతుందో చూసేవాడు. "చంపడానికొచ్చావా, చుట్టరికం కలుపుకోవడానికొచ్చావా?" అని ఒక ఇల్లాలు విసుక్కుంది. తలూపాడు. చూసినవన్నీ డైరీలో రాసుకునేవాడు. కూతురికి తన పనంటే ఇష్టమని లోలోపల పొంగిపోయేవాడు.

ఒక ఆదివారం పిల్ల అడిగింది: "నాన్నా, బొద్దింకకి ఎన్ని కాళ్ళు?"

"ఆరు. పోయిన నెల చెప్పాగా బంగారం."

పిల్ల ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టినట్టుంది, గుసగుసగా వినిపించింది: "అమ్మా, అయిపోయాయి."

"ఏంటమ్మా అయిపోయాయి?"

"ప్రశ్నలు నాన్నా."

"అయిపోవడమేంటి? నీకు పురుగులంటే ఇష్టం కదా?"

"ఛీ, నాకు భయం." మళ్ళీ తనే అంది. "అవి అడిగితేనే నువ్వు మాట్లాడతావుగా. అందుకని అమ్మా నేనూ శనివారం కూర్చుని ఆలోచిస్తాం."

ఒళ్ళో డైరీ తెరిచే ఉంది. ఈ వారం చెదల రాణి గురించి రెండు పేజీలు రాసుకున్నాడు. చూస్తేనే ఝడుసుకునే పురుగుల్ని పిల్ల ఇన్నాళ్ళూ తలుచుకుని తలుచుకుని అడుగుతూ వచ్చింది, తన కోసం. అతనికి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే "సరే నాన్నా, ఉంటా" అనేస్తుందని తెలుసు. డైరీ మూసేశాడు.

"నీకు... ఇంకా ఏమంటే భయం తల్లీ?"

పిల్లకి హుషారొచ్చింది. లిఫ్టంటే భయమట. పక్కింటి కుక్కన్నా భయమేనట. గట్టిగా తుమ్మే లెక్కల టీచరు సంగతి ఇక చెప్పక్కర్లేదట. నాలుగోది చెప్పడానికి కాస్త తటపటాయించింది.

"ఇంకా... నేను మాట్లాడాక నువ్వేం మాట్లాడవు చూడు, అప్పుడు. ఉన్నావో వెళ్ళిపోయావో తెలీదు."

అతను ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

"నాకూ అదంటేనే భయం అమ్మా" అన్నాడు.