సాక్షికి మరమ్మతు

పేపర్లు వేసే అతన్ని వెనకనుంచి గుద్ది తుంటి విరగ్గొట్టిన కారాయనే ఇంటికొచ్చి, తుక్కయిన సైకిల్ని అడిగి పట్టుకెళ్లాడు. కొత్త పెళ్లికూతురిలా ముస్తాబు చేయించి పంపాడు. ఎంత మంచివాడో అనుకుంది పేపరతని భార్య.

ఆ సైకిల్ని చూసి లాయరమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని చేశావమ్మా! పరిహారం అడిగే హక్కు మీకుంది. కానీ మీ ఆయనే అడ్డం వచ్చాడని వాళ్లంటారు. కాదని చెప్పే సాక్షి వెనకచక్రానికి పడ్డ ఆ సొట్టే కదా! కేసు తేలేదాకా ఎలా ఉన్నది అలాగే ఉంచొద్దూ?"

ఆ పూటంతా ఆమె తనను తానే తిట్టుకుంది. తెల్లారి చూస్తే, వరండాలో తాళం వేసిన సైకిల్ వెనకచక్రం మళ్లీ వంకర్లు తిరిగి ఉంది. మడ్‌గార్డుకు ఎర్ర రంగు అంటుకుని ఉంది. ఈసారి ఆమె దాన్ని ముట్టుకోలేదు. లాయరమ్మకి ఫోన్ చేసింది.

అంతలో రాజీ కాగితం పట్టుకుని కారాయన ఊడిపడ్డాడు. సైకిల్ని చూడగానే అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు చేశారిది? దగ్గరుండి బాగుచేయించానే!"

వీధిలో రేకు నలిగిన చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. అక్కడ నరమానవుడు లేడు. కొత్త రంగుతో మెరుస్తున్న అతని ఎర్ర కారు ముందుభాగం, సరిగ్గా సైకిల్ చక్రమంత ఎత్తున, మెల్లగా లోపలికి కుంగుతోంది.

అతను జేబులోంచి కారు తాళాలు తీసి పరిగెత్తబోయాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆగండి బాబూ. లాయరమ్మ వచ్చేదాకా ఎలా ఉన్నది అలాగే ఉండాలి."